ఇశ్రాయేలు మాస్టారి ఉప్పు రీడింగు

ఇశ్రాయేలు గారి దగ్గర ‘సగటున’ అనే మాట ఎవరూ అనకూడదు. ఆయన చొక్కా మీద కాఫీ ఒలకబొయ్యండి, స్కూటరు గాలి తీసెయ్యండి, నవ్వి ఊరుకుంటారు. ఆ ఒక్క మాట చెవిన పడిందంటే మాత్రం కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఊగిసలాట ఎంత?" అని అడుగుతారు. ఆ లెక్క తేలేదాకా ఎదుటి మనిషిని కదలనివ్వరు. వెనకటికి ఒక డాక్టరుగారు "మీ బీపీ సగటున బాగానే ఉందండీ" అన్నందుకు, బయట పేషెంట్లు పడిగాపులు పడుతుంటే, గంటసేపు ఆయన చేత తన బీపీ మళ్ళీ మళ్ళీ చూపించుకున్నారు.

ఈయన విజయవాడలో ఒక కాలేజీలో ఫిజిక్స్ ప్రొఫెసరు. పద్మశ్రీ ఆయన దగ్గర పరిశోధనకి చేరిన మొదటి రోజే ఈ గండంలో పడింది. పద్మశ్రీ వాళ్ళది బందరు. తండ్రి గంగరాజు సముద్రం మీద వేటకి వెళ్తాడు, తల్లి కొండలమ్మ తెల్లారకముందే రేవులో గంప దించుకుంటుంది. పిల్ల రోజూ మొదటి బస్సెక్కి బెజవాడ వచ్చి, సాయంత్రం బస్సుకి ఇల్లు చేరాలి.

"బందరు నుంచి ఎంతసేపు పడుతుందమ్మా?" అని ఆయన ఆప్యాయంగానే అడిగారు.

"సగటున రెండు గంటలండి."

పక్క బల్ల దగ్గరున్న సీనియరు మణికుమార్ నాలిక కరుచుకున్నాడు. అప్పటికే కళ్ళజోడు నుదుటి మీదికి వెళ్ళిపోయింది.

"ఊగిసలాట ఎంత?"

"అంటే సార్?"

"ఇంటర్వ్యూకి వచ్చిన రోజు ఎంత పట్టింది?"

"గంటా నలభై నిమిషాలండి."

"ఇవాళ?"

"రెండు గంటల ఇరవై. పామర్రు దగ్గర గేదెలు అడ్డొచ్చాయండి."

"మరి ఈ రెండు గంటల బస్సు ఏదమ్మా? నువ్వెప్పుడైనా ఎక్కావా? పోనీ, ఎక్కినవాళ్ళని చూశావా?"

చూడలేదని పద్మశ్రీ ఒప్పుకుంది.

"లేని బస్సు పేరు పెద్దవాళ్ళకి చెప్పకూడదు. అసలు సంగతంతా ఆ గేదెల్లో ఉంది. నువ్వేమో గేదెల్ని సగటులో కలిపేసి మాయం చేశావు."

పద్మశ్రీ బిత్తరపోయి, సంచిలోంచి బందరు లడ్డూల పొట్లం తీసి ఆయన ముందు పెట్టింది. కొత్తగా చేరిన పిల్ల, ఉత్త చేతులతో రాకూడదని తల్లి ఇచ్చి పంపింది. ఆయన రెండు చేతులూ జోడించి, "తిన్నానమ్మా, ఇప్పుడే తిన్నాను" అన్నారు. శిష్యుల దగ్గర జామకాయ ముక్క కూడా పుచ్చుకోకపోవడం ఆయన వ్రతం. ఆ లడ్డూలన్నీ మణికుమార్ కడుపులోకి పోయాయి, ఊగిసలాట లేకుండా.

ఇంతకీ ఆ గదిలో జరిగే పరిశోధన ఏమిటంటే, వెంట్రుకని వెయ్యి చీలికలు చేస్తే వచ్చేంత సన్నని తీగలోంచి వేడి వల్ల పుట్టే కరెంటు సంగతి. ఒక కొస వేడిగా, ఒక కొస చల్లగా ఉంటే మధ్యలో ఎలక్ట్రాన్లు కదులుతాయి. ఆ తీగ చివర మేజోరానా అనే వింత కణం కూర్చుందో లేదో కనిపెట్టాలి. అది తనకి తానే ఎదురు రూపం. సగం ఎలక్ట్రాన్ అనుకోండి. మిగిలిన సగం తీగ రెండో చివర ఉంటుంది.

"మా ఆవిడ సంపూర్ణం, నేనూ ఉన్నట్టే" అనేవారు ఇశ్రాయేలు గారు. "ఆవిడ గుణదల చివర, నేను కాలేజీ చివర. ఇద్దర్నీ కలిపితే గాని ఒక పూర్తి మనిషి కాదు. ఒకళ్ళనే చూసి లెక్క కట్టినవాడు మోసపోతాడు."

గుణదలలో ఆయన ఇల్లు మేరీమాత కొండకి వెళ్ళే దారిలోనే. తిరునాళ్ళ రోజుల్లో మైకుల హోరుకి వీధి వీధంతా కిటికీలు మూసుకుంటే, ఈయన బార్లా తెరిచి కుర్చీ వేసుకుని కూర్చుంటారు. "చప్పుడు వినేవాడికే సంగతి తెలుస్తుంది" అంటారు. నాయిస్ మీదే ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. కరెంటు ఎంత వచ్చిందన్నది ఆయనకి పట్టదు, ఎంత తడబడుతూ వచ్చిందన్నదే కావాలి.

పద్మశ్రీకి ఈ ముక్క తలకెక్కడం లేదని ఒకరోజు వన్ టౌన్ తీసుకెళ్ళి, గోడౌన్ల సందు మలుపులో టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టారు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తోపుడుబళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. ఆటోవాళ్ళ తిట్లు, హమాలీల కేకలు. ఆ హోరులో ఆయన ముఖం వెలిగిపోతోంది.

"లెక్కపెట్టు. అటు ఎన్ని పోయాయి?"

"నలభై అండి."

"ఇటు ఎన్నొచ్చాయి?"

"అవీ నలభయ్యే."

"నికరంగా?"

"సున్నా సార్."

"అయితే వన్ టౌన్లో వ్యాపారం సున్నా అని రాసుకుని ఇంటికి పోదామా?" అని గట్టిగా అరిచారు. ఉల్లిపాయల బస్తా మోస్తున్న ఒకాయన ఉలిక్కిపడి, బండి అడ్డం ఉందేమోనని పక్కకి తప్పుకున్నాడు.

ఇదంతా ఒక ఎత్తు, ఉప్పు రీడింగు ఒక ఎత్తు. పద్మశ్రీ చేరిన రెండో వారం నుంచీ ఇశ్రాయేలు గారు రోజూ పొద్దున్నే నాలుగు గిన్నెల క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఇడ్లీలు, పక్కన కొబ్బరి చట్నీ. గదిలో పరిశోధన చేసే నలుగురూ తిని తీరాలి. తిని ఊరుకుంటే కుదరదు, మార్కు వెయ్యాలి. చట్నీలో ఉప్పు సరిపోతే సున్నా. ఎక్కువైతే ప్లస్ ఒకటి, మరీ మండిపోతే ప్లస్ రెండు. తక్కువైతే మైనస్. ఆ మార్కులన్నీ ఒక పెద్ద నోటుబుక్కులో ఎక్కేవి.

"ఎందుకు సార్ ఇది?" అని పద్మశ్రీ మొదట్లో అడిగింది.

"మా సంపూర్ణం ముప్పై ఏళ్ళుగా సగటున బాగానే వండుతోందని బంధువులంతా అంటారు. సగటునట, సగటున! నాకు నాయిస్ కావాలి. నాలుగు నాలికలు, రోజూ. ఒక్కరోజు మానినా డేటా పాడైపోతుంది. ఇంకో రెండు ఇడ్లీ వేసుకో, ఒక్క ముద్దతో ఉప్పు తేలదు."

సైన్సు కోసం కాబట్టి పద్మశ్రీ వేసుకునేది. కొన్నాళ్ళు చట్నీ అమృతం. కొన్నాళ్ళు సముద్రం నీళ్ళే నయమనిపించేది, సముద్రం పక్కన పుట్టిన పిల్లకే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. ఈ సంగతి గుణదల చేరి, సంపూర్ణమ్మగారు ఒకసారి కాలేజీకి ఫోన్ చేసి మరీ అడిగారు: "నా చేతి ఉప్పుకి వంక పెట్టిన మహానుభావులెవరమ్మా అక్కడ? ఒక్కసారి మా ఇంటికి పంపండి, చూస్తాను!" ఆ దెబ్బకి మణికుమార్ రెండేళ్ళు గుణదల వైపు పోలేదు.

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. ఐదో ఏడు మొదట్లో పరిశోధన కమిటీ కూర్చుంటుంది. చెప్పుకోదగ్గ ఫలితం లేకపోతే రిజిస్ట్రేషను రద్దు. ఆ కమిటీకి పెద్ద రాజ్యలక్ష్మిగారు. ఆవిడకి ఏది చెప్పినా ఒక్క అంకెలో చెప్పాలి. "నికరంగా ఎంత?" అన్నది ఆవిడ ఊతపదం. ఇశ్రాయేలు గారు, ఆవిడ వరండాలో ఎదురుపడితే ప్యూన్లు పక్కగదిలోకి తప్పుకునేవారు.

సరిగ్గా నెల ముందు పద్మశ్రీ లెక్క తేలింది. కరెంటు సున్నా. మేజోరానా ఉన్నా సున్నాయే, లేకపోయినా సున్నాయే. ఇశ్రాయేలు గారు మాత్రం పెళ్ళికబురు విన్నట్టు సంబరపడిపోయారు.

"సున్నా వచ్చిందా? భేష్! తోపుడుబళ్ళు అటెన్నో ఇటన్ని పోతున్నాయన్నమాట. ఇప్పుడు నాయిస్ కట్టు. మేజోరానా ఉంటే ఒకలాగా, లేకపోతే ఒకలాగా వచ్చి తీరుతుంది."

కట్టింది. అదీ సున్నా వచ్చింది.

ఆయన కళ్ళజోడు నుదుటి మీది నుంచి మెల్లగా కిందికి దిగింది. "వేడి ఉన్నచోట నాయిస్ సున్నా కాదమ్మా. గేదెలు ఎక్కడో దాక్కున్నాయి. వెతుకు" అన్నారు. ఆయనకి కాగితం మీద లెక్కలే గాని కంప్యూటరు ప్రోగ్రాములు చదవడం రాదు. పద్మశ్రీ మూడు వారాలు వెతికింది. మళ్ళీ మళ్ళీ సున్నా. ఆ సున్నాని చూసి చూసి, అది తన మొహంలాగే ఉందనిపించింది ఆ పిల్లకి. నిజంగా ఏడ్చింది కూడా, బస్సులో, పామర్రు దాటాక.

ఇంటికెళ్ళి తండ్రితో చెప్పేసింది. "మానేస్తాను నాన్నా. నాలుగేళ్ళూ కలిపి సున్నా."

గంగరాజు వల చిక్కు విప్పుతూ తలెత్తకుండానే అన్నాడు. "సున్నా అంటే? వల ఉత్తగా వచ్చిందా, చేప పడి జారిపోయిందా? రెండూ ఒకటి కాదు గదే."

ఆ మాట ఆ పూటకి ఆమె చెవికెక్కలేదు. మర్నాడు మానేస్తున్నట్టు ఉత్తరం రాసి ఇశ్రాయేలు గారి చేతికిచ్చింది. ఆయన చదివి, మడిచి, ఎడమ జేబులో పెట్టుకోబోయి, ఎందుకో తడబడి, పుస్తకంలో పెట్టారు.

"సరేనమ్మా, సంతకం పెడతాను. కానీ వెళ్ళేముందు మా ఉప్పు లెక్క తేల్చి వెళ్ళు. నాలుగేళ్ళ డేటా. ఇంకెవరికిచ్చినా సగటు తీసి చంపేస్తారు."

కాదనలేకపోయింది. నాలుగేళ్ళూ ఆ ఇడ్లీలు తిన్న నోరది. ఆరువందల నలభై రోజుల మార్కులూ కంప్యూటరులోకి ఎక్కించింది. ఉప్పుకి వేరే ప్రోగ్రాం రాసే ఓపిక లేక, ఎలక్ట్రాన్లకి వాడినదాన్నే వాడింది. మీట నొక్కింది. సగటు: సున్నా. సంపూర్ణమ్మగారి పరువు దక్కిందిలే అనుకుంది. నాయిస్: సున్నా.

"సున్నానా!" అని పైకే అనేసింది పద్మశ్రీ.

ఎలక్ట్రాన్లని ఆమె ఎన్నడూ చూడలేదు. కంప్యూటరు సున్నా అంటే తల వంచింది. కానీ చట్నీ అలా కాదు, స్వయంగా తిన్నది. మంచినీళ్ళ చెంబు కోసం పరిగెత్తిన రోజులు ఎన్ని లేవు! ఉప్పు ఊగలేదని ఏ కంప్యూటరు చెప్పినా ఆ నాలిక ఒప్పుకోదు. అబద్ధం ప్రోగ్రాంలో ఉంది. ఒక్కో వరసా వేలు పెట్టి చదువుకుంటూ పోతే పావుగంటలో దొరికింది. ప్రతి రీడింగునీ ముందు దానితో దాన్నే గుణించి, ఆ తర్వాత సగటు తియ్యాలి. ఈ మహాతల్లి ప్రోగ్రాం ముందే సగటు తీసి, వచ్చిన సున్నాని సున్నాతో గుణించి కూర్చుంది. ఇశ్రాయేలు గారి శిష్యురాలై ఉండి, అడక్కుండానే సగటు తీసింది! గేదెలన్నీ ఆ వరసలో పడుకుని ఉన్నాయి.

సరిచేసి ఎలక్ట్రాన్ల లెక్క మళ్ళీ కట్టింది. తెర మీద రెండు గీతలు లేచాయి. మేజోరానా ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, దేని దారి దానిదే. ఆ ఊపులో ఉప్పు లెక్క కూడా మళ్ళీ కట్టి చూసింది. నాయిస్ బ్రహ్మాండంగా వచ్చింది. కానీ ఎక్కడో తేడా కొట్టింది. ప్లస్ రోజులు నూట అరవై. మైనస్ రోజులు సరిగ్గా నూట అరవై. ప్లస్ వచ్చిన మూడో రోజుకల్లా మైనస్ హాజరు. నిజమైన నాయిస్ ఇంత బుద్ధిమంతురాలు కాదు. ఇది ఎవరో కూర్చుని వండిన నాయిస్.

నోటుబుక్కు మొదటికి తిప్పింది. అట్టకి అంటుకుపోయిన మొదటి పేజీ ఒకటి ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. విడదీస్తే లోపల నాలుగు చీటీలు అతికించి ఉన్నాయి. తను చేరిన మొదటి వారంలో ఆయన ఒక పెట్టె పెట్టి, "ఇవాళ పొద్దున్న ఎన్ని ఇడ్లీ తిన్నారో రాసి వెయ్యండి, పేర్లు వద్దు" అన్నది గుర్తొచ్చింది. చీటీల మీద ఎనిమిది, నాలుగు, నాలుగు, సున్నా. ఆ సున్నాకి అడ్డంగా గీత ఉంది. కంప్యూటరు అలవాటు కొద్దీ సున్నాని అలా రాసేది ఆ గదిలో పద్మశ్రీ ఒక్కతే. కింద ఇశ్రాయేలు గారి దస్తూరీ: ‘సగటు నాలుగు. అందరూ తిన్నట్టే.’ దాన్ని రెండుసార్లు కొట్టేసి, పక్కన ఎర్రసిరాతో రాశారు: ‘ఊగిసలాట చాలా ఎక్కువ. ఒక పిల్ల తినడం లేదు.’

మొదటి బస్సుకి వచ్చే పిల్ల ఇంట్లో పొయ్యి వెలగకముందే బయల్దేరుతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. "తిన్నావామ్మా?" అని ఆయన ఆ వారమంతా అడిగారు, "తిన్నానండి" అని ఆమె వారమంతా చెప్పింది. మన దేశంలో ఆ ప్రశ్నకి ఇంకో జవాబు ఉండదు కదా! మాటకి అబద్ధం చెప్పింది గాని చీటీ మీద చెప్పలేకపోయింది. ఆ మర్నాడే ఉప్పు రీడింగు మొదలైంది.

మర్నాడు పొద్దున్న పద్మశ్రీ స్కూటర్ స్టాండు పక్కన స్తంభం చాటున నిలబడింది. ఇశ్రాయేలు గారు స్కూటరు ఆపి, కోళ్ళు పట్టడానికొచ్చిన దొంగలాగా అటూ ఇటూ చూసి, క్యారేజీ విప్పి, కుడి జేబులోంచి ఉప్పు పొట్లం తీశారు. ఏదో గుర్తొచ్చినట్టు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, దాన్ని లోపల పెట్టేసి, ఎడమ జేబులోంచి పుట్నాలపప్పు పొడి తీసి చట్నీలో కలిపారు. మైనస్ రోజన్నమాట. ఉప్పు ఊగకపోతే రీడింగుకి పనుండదు, ఇడ్లీలకి సాకుండదు. ఎంత ప్లస్ చేస్తే అంత మైనస్ చేసి, భార్య చేతి ఉప్పు కచ్చితంగా సున్నా దగ్గర నిలబెట్టారు. జీవితంలో ఆయన సగటుని కాపాడింది ఆ ఒక్క విషయంలోనే.

పద్మశ్రీ కళ్ళు తుడుచుకుని, ఆయన కన్నా ముందే గదిలోకి వెళ్ళి కూర్చుంది. చట్నీ నాలిక మీద వేసుకుని, "మైనస్ ఒకటి సార్" అంది.

"చూశావా, ఊగుతోంది!" అన్నారాయన పరమానందంగా.

"సార్, ఆ ఉత్తరం ఇచ్చెయ్యండి. గేదెలు దొరికాయి."

కమిటీ రోజు రాజ్యలక్ష్మిగారు అనుకున్నట్టే అడిగారు. "ఇదంతా సరేనమ్మా. నికరంగా ఎంత?"

"నికరంగా సున్నా మేడమ్" అంది పద్మశ్రీ. ఇశ్రాయేలు గారు కళ్ళు మూసుకున్నారు. "కానీ వల ఉత్తగా రావడం వేరు, చేప పడి జారిపోవడం వేరండి. లెక్కలో రెండూ సున్నాయే. వల ఎంత ఊగిందో చూస్తే తేడా తెలిసిపోతుంది" అని రెండు గీతలూ చూపించింది. రాజ్యలక్ష్మిగారు ఆ గీతల మధ్య ఎడం వేలితో కొలిచి చూశారు. ఆఖరికి, "మొత్తానికి తేడా ఉందంటావు. ఆ తేడా ఎంతో ఒక్క అంకెలో రాసివ్వు, సంతకం పెడతాను" అన్నారు. రాసిచ్చింది. పెట్టారు.

ఆ సాయంత్రం గుణదలలో పద్మశ్రీకి విందు. ఇశ్రాయేలు గారు వీధిలోకి వెళ్ళిన అదను చూసి సంపూర్ణమ్మగారు వంటింట్లోకి లాక్కెళ్ళారు. "నిజం చెప్పు తల్లీ. నా చట్నీలో ఉప్పు ఊగుతుందా?"

"అంటే... అమ్మగారూ..."

"చొక్కాలు ఉతికేది నేనే కదమ్మా" అన్నారావిడ. "కుడి జేబులో ఉప్పు, ఎడమ జేబులో పుట్నాలపొడి. నాలుగేళ్ళుగా దులుపుతున్నాను."

"మరి కాలేజీకి ఫోన్ చేసి అంత కోప్పడ్డారు?"

"కోప్పడకపోతే ఆయనకి అనుమానం రాదూ? నాకు తెలిసిపోయిందంటే సిగ్గుపడి మానేస్తారు. నువ్వూ తెలిసినట్టు ఉండకు. ఇంకో గారె వేసుకో."

మర్నాడు పొద్దున్న క్యారేజీ వచ్చింది. చట్నీ ప్లస్ రెండు. పద్మశ్రీ రెండు గ్లాసుల నీళ్ళు తాగి, సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమిటమ్మా అది?"

"మా అమ్మ పెట్టిన రొయ్యల పచ్చడండి. మీకూ, అమ్మగారికీ."

రెండు చేతులూ జోడించబోతూ, "అబ్బే, తిన్నానమ్మా, ఇప్పుడే..." అన్నారు.

"తినడానికి కాదు సార్" అంది పద్మశ్రీ, మొహం అమాయకంగా పెట్టి. "మా అమ్మ పచ్చడి సగటున బాగుంటుందని ఊళ్ళో అంటారు."

మణికుమార్ నాలిక కరుచుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి వెళ్ళింది.

"ఊగిసలాట ఎంత?"

"అదే తెలియదు సార్. రెండు నాలికలు రోజూ అన్నంలో కలుపుకుని చూస్తే గాని తేలదు. ఒక్కరోజు మానినా డేటా పాడైపోతుంది."

ఇశ్రాయేలు గారి చెయ్యి తెలియకుండానే కుడి జేబు మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. ఆమె మొహంలోకి చూశారు. ఆమె సీసా మూత తీసే పనిలో ఉంది. నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి, తేదీ వేసి, గొంతు సవరించుకుని అడిగారు.

"ఎన్నాళ్ళు తియ్యాలమ్మా?"

"గేదెలు తేలేదాకా సార్."

ఇడ్లీ ముక్క పచ్చడిలో అద్ది నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ‘సున్నా’ అని రాసి, కాసేపు ఆలోచించి, ఇంకో ఇడ్లీ తీసుకుని, "ఒక్క ముద్దతో ఉప్పు తేలదు" అన్నారు.